మూల విరిగిన పలక

మూల విరిగిందని కాంట్రాక్టరు పక్కకు తోసిన పలక ఇది.
లెక్కలోకి రాదు, లారీకెక్కదు.
మధ్యాహ్నం కరెంటు పోయి
కోత మిషన్లు నోరు మూసుకోగానే
గురవమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడిచింది.
"చెప్పండమ్మే, యాడ్నుంచి మొదలు?"

యాడ్నుంచేంది, మార్కాపురం నుంచే.
చుక్క పెట్టింది.
బలపం గట్టిది, కీచుమంది.
ముగ్గురం పళ్లు జివ్వుమని నవ్వాం.

మే నెల రెండో వారం యజమాని కూతురి పెళ్లి.
మిషన్లకు మూడు రోజులు సెలవు.
పదహారేళ్లలో నేను
మూడు రోజుల్ని ఒక్కచోట కుప్పగా చూసింది లేదు.
దస్తగిరి ఆటో మాట్లాడాం.
డీజిల్ మాది, తిండి మాది,
పాటలు మాత్రం తనవేనంట, దాంట్లో బేరం లేదంట.

ముందు కంభం చెరువు.
చుక్క నుంచి గీత లాగి
అన్నం పళ్లెమంత సున్నా చుట్టింది గురవమ్మ.
"అంతుంటదా?"
"మా మేనత్తది ఆ ఊరే. అవతలి గట్టు ఆనదు."
"ఎండలకు ఎండిపోయి ఉంటదేమో గదా."
కాసేపు ఆలోచించి
వేలికి ఉమ్ము తడి చేసుకుని
చెరువును నాలుగు వైపులా కొంచెం కొంచెం తగ్గించింది.

బేస్తవారిపేట. కనిగిరి.
కనిగిరి దగ్గర గీతకు అడ్డంగా ఒక గాటు:
ఇక్కడ బోరు నీళ్లు తాగొద్దు,
క్యాన్లు ఇంటికాడ్నుంచే మోయాలి.
పామూరులో టీ.
భైరవకోనలో కొండ మీంచి నీళ్లు పడతాయంట.
ఈ ఎండల్లో ధార కాకపోయినా
దారమంతైనా పడకపోద్దా,
మూడు తలలు తడవడానికి దారం చాలు.

ఉదయగిరి కొండను మాత్రం రాహేలు గీసింది,
ఒకదాని భుజమ్మీద ఒకటిగా మూడు మొనలు.
"ఎక్కుదామా?" అన్నాను.
అప్పుడే దగ్గొచ్చింది తనకు.
ఆ దగ్గు మాకు తెలుసు.
రాతి పొడి మాలో ఎవరి గుండెల్లో ఎంతుందో
ఏ తక్కెడా ఇంతవరకు తూచలేదు.
దగ్గు ఆగేదాకా గురవమ్మ
బలపం గాల్లో పట్టుకుని కూర్చుంది.
తర్వాత కొండ పక్కనుంచి దారిని వంకరగా తిప్పి
"కిందనుంచే చూద్దాం లే,
అక్కడ కర్ర గరిటెలు బాగుంటాయి,
తలా ఒకటి కొనుక్కుందాం" అంది.

రాహేలు పలక లాక్కుంది.
వంకర చెరిపేసింది.
కొండ నడుం దగ్గర లావుగా ఒక చుక్క పెట్టి
"ఇక్కడిదాకా వస్తా.
మీరు పైకి పోయి రండి.
నేనీడ కూర్చుని గరిటెలకు కాపలా ఉంటా."

దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, కావలి.
పేర్లు చెబుతుంటేనే ఒళ్లు అలిసింది.
కావలి దాటితే తుమ్మలపెంట. సముద్రం.
"గీయవే."
"ఎట్టుంటది?"
టీవీలో తప్ప మేం ముగ్గురం చూసిన పాపాన పోలేదు.
గురవమ్మ ఒక అల గీసింది, పాములా వచ్చింది.
"మాబున్నీ, నువ్వు ముగ్గులేస్తావు గదా, నువ్వు గీ" అంటే
మా ఇంట్లో ముగ్గులేంది తల్లీ అని
నేనూ ఒకటి గీశాను, జిలేబీలా వచ్చింది.

రెండూ తుడిచేసి చూస్తే
పలక విరిగింది సరిగ్గా అక్కడే.
కావలి నుంచి లాగిన గీత
గరుకు అంచు దాకా పోయి ఆగింది.
అవతల పలక లేదు.
అవతల మా చెప్పులు, తవ్వోడు మట్టి, ఎండ.
"అదే సముద్రం" అంది రాహేలు.
ఎవరమూ కాదనలేదు.

కరెంటొచ్చింది.
మిషన్లు ఒక్కసారిగా గొంతెత్తాయి.
పలకను వెనక్కి తిప్పి
నిలబడే లెక్కేశాం, అరుచుకుంటూ:
డీజిల్, దస్తగిరి కూలి, ఒక పూట భోజనాలు, గరిటెలు.
మూడు చేత భాగించినా
ఇంకా నాలుగొందల ఎనభై తక్కువ.

నీళ్ల డ్రమ్ము వెనక దాచేటప్పుడు
లెక్కను గోడ వైపుకు పెట్టింది గురవమ్మ.